పతకం తరువాతి పరుగు

క్రీడాకారుని జీవితం అతడు మైదానాన్ని వీడిన నాటితో ముగిసినట్లేనని మనలో చాలామంది భావిస్తారు. ఈ భావన సరియైనది కాదని మా అభిప్రాయం. ఇంగ్లండుకు చెందిన బ్రెండన్ ఫాస్టర్ చరిత్రయే అందుకు నిదర్శనం.

టైన్ నదీతీరాన హెబ్బర్న్ పట్టణంలో 1948లో జన్మించిన ఫాస్టర్ తొలుత రసాయనశాస్త్రం బోధించిన ఉపాధ్యాయుడు. (మా వృత్తివాడే కనుక మాకు ఆయనపై కొంత పక్షపాతం ఉండవచ్చును!) 1974లో గేట్స్‌హెడ్‌లో 3,000 మీటర్ల దూరాన్ని 7 నిమిషాల 35.1 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల పందెంలో లాసె విరెన్, కార్లోస్ లోపెష్‌ల వెనుక నిలిచి కాంస్యం పొందాడు. ఒలింపిక్ స్వర్ణం ఆయనకు ఎన్నడూ దక్కలేదు.

పరుగు మానిన పిదప బి.బి.సి.లో వ్యాఖ్యాతగా స్థిరపడి, 2017 లండన్ ప్రపంచ పోటీలతో ఆ బాధ్యత నుండి విరమించాడు. వ్యాఖ్యాత దృష్టి సహజంగానే ముందున్న నలుగురైదుగురిపై ఉంటుంది. అయితే వెనుకనున్న వేలమందిని ఫాస్టర్ మరువలేదు. 1979లో న్యూజీలాండులోని ఆక్లాండ్ నగరంలో సామాన్య జనం వేలాదిగా పాల్గొనే పరుగును చూచి, అటువంటిది తన ప్రాంతంలోనూ జరగాలని తలచాడు. ఫలితంగా 1981లో న్యూకాసిల్ నుండి సముద్రతీరాన గల సౌత్ షీల్డ్స్ వరకు 13.1 మైళ్ల 'గ్రేట్ నార్త్ రన్' ఆరంభమయింది. మొదటి ఏడు సుమారు 12 వేలమంది పాల్గొన్నారు. 2014 నాటికి గమ్యం చేరినవారి మొత్తం సంఖ్య 10 లక్షలకు చేరింది. వారిలో అత్యధికులు గెలుపు ఆశించి వచ్చినవారు కారు. ఇందులో వ్యాపారం లేదా అని అడుగువారుందురు. ఉన్నది, ప్రవేశ రుసుమూ ఉన్నది, ప్రకటనలూ ఉన్నవి. అయినను, ఇంటి గడప దాటని కాళ్లను వీధిలోకి రప్పించిన పని చిన్నదని మేము అనజాలము.

ఇక మన సంగతి. వార్షిక క్రీడోత్సవంలో పరుగెత్తేవారు పదిహేను ఇరవై మంది. తక్కినవారందరూ షామియానా క్రింద చప్పట్లు కొట్టేవారే. మా విద్యార్థి దశలో మేమూ ఆ చప్పట్ల వర్గంలోని వారమే. ఒక్కనాడైనా "నీవును రమ్ము" అని పిలిచినవారు లేరు. వచ్చే సంవత్సరం బహుమతుల పందేలకు ముందు, విద్యార్థినీ విద్యార్థులకూ, అధ్యాపకులకూ, కార్యాలయ సిబ్బందికీ రెండు మైళ్ల పరుగు ఒకటి ఏర్పాటు చేయవలసిందిగా కమిటీ పెద్దలకు మనవి చేస్తున్నాము. నడచి వచ్చినా సమ్మతమే. చివరి వ్యక్తి గేటు చేరేవరకు మాత్రం మైకు ఆపరాదు.