డబ్బావాడి మనవి

మా ఊళ్ళో నాకు రెండు పేర్లున్నాయి. ఒకటి బడి రిజిస్టరులో ఉన్నది. రెండోది "డబ్బావాడు". మొదటిది మా అవ్వ పెట్టింది. రెండోది నా స్వార్జితం. పట్టా చేతికి రాకముందే బిరుదు పొందే అదృష్టం మన కాలేజీలో ఎందరికుంది చెప్పండి!

ఈ బిరుదుకు కారణం వాన. 2017లో నేను ఏడో తరగతి చదువుతుండగా మా సైన్సు మాస్టారు ఒక మాట చెప్పారు. గోడలు నిట్టనిలువుగా ఉన్న పాత్రను ఆరుబయట పెడితే, అది చిన్నదైనా పెద్దదైనా అందులో నిలిచే వాననీటి లోతు ఒకటేనట! నాకు నమ్మకం కుదరలేదు. పెద్ద డబ్బాలో ఎక్కువ నీళ్ళు పడవా? పడతాయి, కాని ఆ నీళ్ళు పరుచుకునే చోటు కూడా ఎక్కువే కదా. ఈ చిన్న సంగతి నా బుర్రకెక్కడానికి మూడు డబ్బాలు, రెండు వానలు, అమ్మ చేత నాలుగు తిట్లు అవసరమయ్యాయి. తిట్లెందుకంటే, అందులో ఒకటి చక్కెర డబ్బా.

ఆనాటి నుంచి పడిన ప్రతి వాననూ స్కేలుతో కొలిచి నోటుబుక్కులో రాస్తూనే ఉన్నాను. చెడిపోయిన రేడియో కనబడితే విప్పకుండా ఉండలేను. ఎవరిదగ్గరైనా బైనాక్యులర్ ఉందని తెలిస్తే, గురుగ్రహం పక్కన చుక్కల్లా కనిపించే ఉపగ్రహాల కోసం వాళ్ళ మిద్దె ఎక్కుతాను. దీన్ని పిచ్చి అంటారు. అననీయండి. అయితే ఈ పిచ్చికి మన చదువులో చోటెక్కడ అన్నదే ఈనాడు మీ ముందుంచదలచిన ప్రశ్న.

మాది అనంతపురం సీమ. ఏడాది పొడుగునా కలిపి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. వాన పడితే చెనిక్కాయ పండుతుంది, లేకుంటే అప్పు పండుతుంది. ఒక్క మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీళ్ళు. పది మిల్లీమీటర్లు పడితే, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది తెచ్చి ఎకరంలో గుమ్మరించినట్టు. ఈ లెక్క చెప్పిన రోజున మా నాయన నావైపు మొదటిసారి కాస్త మర్యాదగా చూశాడు.

2023లో నేను ఈ కాలేజీలో చేరాను. ఆ ఏటి ఆగస్టు మీకు గుర్తుండే ఉంటుంది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తానికి అంత తక్కువ వాన పడిన ఆగస్టు మరొకటి లేదు. మా చేలో చెట్టు వాడిపోయింది. మండల కేంద్రంలో పడిన జల్లులు మా పొలం దాకా రానే లేదు. నాయన నా నోటుబుక్కు కండువాలో చుట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడి ఉద్యోగి నాలుగు పేజీలు తిప్పి, "దీని మీద సీలేదీ?" అన్నాడట. నాయన తిరిగొచ్చి నోటుబుక్కును గూట్లో పెట్టాడే గాని నాతో ఒక్క మాట అనలేదు. తిట్టివుంటే బాగుండేదనిపించింది.

నాకు మండిపోయింది. సీలు లేకుంటే వాన వాన కాదా? ఆ కోపంతోనే లైబ్రరీకి పోయి, అసలు సర్కారువాళ్ళు వానను ఎలా కొలుస్తారో చదివాను. చదివేకొద్దీ నా కోపం సగానికి దిగింది. వానమాపకం చుట్టుపక్కల చెట్టూ గోడా అడ్డం ఉండరాదు. దాని అంచు నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకే కొలవాలి. మరి నా డబ్బా ఎక్కడుంది? పిట్టగోడ మీద, వేపచెట్టు పక్కన! గాలివాటుకు వచ్చిన వానను ఆ చెట్టు ఎన్నిసార్లు మింగిందో దేవుడికెరుక. ఆఫీసు మాట అటుంచండి, సైన్సు ముందు కూడా నా ఆరేళ్ళ నోటుబుక్కు నిలబడదు.

అప్పుడే అన్నా మణి గారి గురించి తెలిసింది. 1918లో కేరళలో పుట్టి, సి.వి. రామన్ గారి దగ్గర వజ్రాల మీద పరిశోధన చేసిన ఆమె, తర్వాత పూనాలో వాతావరణ శాఖలో చేరి ఏం చేశారు? థర్మామీటర్లు, గాలి కొలిచే యంత్రాలు, వానమాపకాలు ఈ దేశంలోనే తయారయ్యేట్టు, దేశమంతటా ఒకే తీరుగా కొలిచేట్టు చూశారు. పైకి చూస్తే చప్పిడి పని. కాని కొలతను ప్రేమించనివాళ్ళకు అది సాధ్యమయ్యే పనేనా? పిచ్చి ఉంటే చాలదు, పిచ్చికి పద్ధతి కావాలి.

ఇప్పుడు డబ్బా చేలోకి మారింది. నేను హాస్టల్లో ఉంటే కొలిచేది అమ్మ. ఆమె చదువు అయిదో తరగతి. ఎనిమిదిన్నర దాటగానే ఫోను చేసి, "ఈ పొద్దు పన్నెండున్నర నాయనా" అంటుంది. నాయన కొలత వేరు. ఆయన మట్టి తవ్వి చూసి, "బెత్తెడు పదునైంది పో" అంటాడు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో దాన్నిబట్టి వచ్చే ఇరవైయేడు కార్తెలూ ఆయనకు కంఠతా వచ్చు. నా నోటుబుక్కులో ఇప్పుడు రెండు గళ్ళు: ఒకటి మిల్లీమీటర్లు, రెండోది పదును. ఒకే వాన ఎర్రనేలలో లోతుకు దిగుతుంది, నల్లరేగడిలో పైపైనే నిలుస్తుంది. ఈ సంగతి నా డబ్బా చెప్పలేదు, నాయన పార చెప్పింది. మా ఇంట్లో పిచ్చి నాతో మొదలు కాలేదని అప్పుడు తెలిసింది.

ఇక మన సంగతి. మిత్రులారా, నిజం చెప్పుకుందాం. లోలకం ఊగకముందే రికార్డులో 980 అని రాసుకున్నవాళ్ళం మనం. సీనియర్ల రికార్డు చూసి రీడింగులు దిద్దుకున్నవాళ్ళం. అందులో నేనూ ఉన్నాను. జవాబు ముందే తెలిసిన చోట అబద్ధం సులభం. రేపు నా డబ్బాలో ఎంత పడుతుందో ఏ సీనియరుకూ తెలియదు. అందుకే అక్కడ కాపీ కొట్టడానికి వీల్లేదు. మాస్టార్లను తప్పు పట్టడం లేదు. సిలబస్ బరువు, పరీక్షల తొందర వారికీ ఉన్నాయి. కాని ప్రాక్టికల్సు అయిపోగానే ల్యాబుకు తాళం పడుతుంటే ఆసక్తి ఎక్కడ బతుకుతుంది?

"ఫోనులో చూస్తే వాన సంగతి తెలియదా?" అంటారు కొందరు. రేపు మా ప్రాంతంలో పడవచ్చునని ఫోను చెబుతుంది. నిన్న మా చేలో ఎంత పడిందో అది ఎరగదు.

అందుచేత విద్యార్థి సంఘానికి నా మనవి రెండే. వారానికి ఒక సాయంత్రమైనా మార్కులతో సంబంధం లేకుండా ల్యాబు తెరిపించండి. కాలేజీ ఆవరణలో పద్ధతి ప్రకారం ఒక వానమాపకం పెట్టించండి. మన హాస్టళ్ళలో ఎన్నెన్ని ఊళ్ళ పిల్లలున్నారో చూడండి. ఊరికొక్క డబ్బా పెట్టి ఇంట్లో ఒకరికి కొలవడం నేర్పినా, ఏ ఊళ్ళో ఎంత పడిందో చూపే పటం ఒకటి మన చేతికొస్తుంది. దానికి సీలుండదు, నిజమే. కాని పద్ధతిగా రాసిన యాభై ఊళ్ళ నోటుబుక్కులను ఒక్క మాటతో పక్కకు నెట్టడం ఎవరికైనా కష్టమే.

మృగశిర కార్తె జూన్ రెండో వారంలో వస్తుంది. ఆలోగా పేరు ఇవ్వదలచినవారు ఫిజిక్సు ల్యాబు దగ్గర "డబ్బావాడెక్కడ?" అని అడగండి. డబ్బా మాత్రం మీరే తెచ్చుకోవాలి. చక్కెరది వద్దు.

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి