‘టేక్’ అంటే ‘తీసుకొను’ ఒక్కటేనా?

ఈ నెల చాలా చిన్న మాట ఒకటి చూద్దాము. అది ‘టేక్’. అయిదో తరగతి పిల్లవాణ్ణి అడిగినా దాని అర్థం ‘తీసుకొను’ అని టక్కున చెబుతాడు. టేక్, టుక్, టేకెన్ అని మూడు రూపాలూ వల్లిస్తాడు. అది తప్పు కాదు. కాని ఆ ఒక్క అర్థంతోనే ముందుకు పోతే నాలుగు అడుగులు వేయకముందే చిక్కుపడతాము. ఒక్కొక్కసారి ఆ చిక్కు ప్రాణం మీదకు కూడా రావచ్చు. ఎలాగో చివరికంటా చదివితే తెలుస్తుంది.

ముందుగా ఒక సూత్రము. ఇంగ్లీషు క్రియను ఒంటరిగా నేర్చుకోకూడదు. జోడెద్దుల్లో ఒకదాన్నే తోలుకొచ్చి అరక కట్టలేము గదా! అలాగే క్రియకు జతగా ఏ మాట వచ్చిందో చూడాలి. ఆ జత మారితే తెలుగులో క్రియే మారిపోతుంది.

1. ఇంట్లో వినబడే మాటలు

‘టేక్ టీ’ అంటే టీ తాగు. ‘టేక్ ఎ బాత్’ అంటే స్నానం చేయి. ‘టేక్ ఎ ఫోటో’ అంటే ఫోటో తియ్యి. ‘టేక్ ద బస్’ అంటే బస్సు ఎక్కు. ‘టేక్ యువర్ సీట్’ అంటే కూర్చో. ‘టేక్ లీవ్’ అంటే సెలవు పెట్టు. చూశారా, ఇన్నిటిలో ఒక్కచోట కూడా ‘తీసుకొను’ రాలేదు. తాగు, చేయి, తియ్యి, ఎక్కు, కూర్చో, పెట్టు అని ఆరు తెలుగు క్రియలు వచ్చాయి. ఇంగ్లీషువాడికి మాత్రం అన్నిటికీ ఒకటే.

‘టేక్ యాన్ ఎగ్జామ్’ అంటే పరీక్ష రాయడం. మన దేశంలో ‘రైట్ ద ఎగ్జామ్’ అన్నా అందరికీ అర్థమవుతుంది. కాని పై చదువులకు అమెరికా వెళ్ళే పిల్లలు అక్కడ ‘టేక్’ అనే వింటారు. గనుక ఇప్పుడే అలవాటు చేసుకోవడం మంచిది.

2. పొలంలో, మార్కెట్ యార్డులో

‘హి టుక్ టూ ఏకర్స్ ఆన్ లీజ్’ – అతడు రెండెకరాలు కౌలుకు తీసుకున్నాడు. ఇక్కడ మన ‘తీసుకొను’ చక్కగా సరిపోయింది.

‘టేక్ ద చిల్లీస్ టు ద యార్డ్’ – మిరపకాయలు యార్డుకు తీసుకువెళ్ళు. గుంటూరు చుట్టుపక్కల మనము ‘కాయలు యార్డుకు తోలాము’ అంటాము. దానికీ ‘టేక్’ సరిపోతుంది. అయితే అక్కడినుండి డబ్బు ఇంటికి తేవడాన్ని ‘టేక్’ అనకూడదు. ‘బ్రింగ్ ద మనీ హోమ్’ అనాలి. మాట్లాడేవారి దగ్గరనుండి అవతలికి పోతే ‘టేక్’, మాట్లాడేవారి దగ్గరకు వస్తే ‘బ్రింగ్’. మన ‘తీసుకుపో’, ‘తీసుకురా’ గుర్తుంచుకుంటే ఈ భేదం మరచిపోము.

3. కాలం పట్టు, కంట్రాక్టు పట్టు

లూథరన్ మిషనెరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హెయ్యర్ గారు 1841 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1842 జూలై 31న గుంటూరు చేరారు. దీన్ని ఇంగ్లీషులో ‘ఇట్ టుక్ హిమ్ మోర్ దాన్ నైన్ మంత్స్ టు రీచ్ గుంటూర్’ అంటాము. గుంటూరు చేరడానికి ఆయనకు తొమ్మిది నెలల పైన పట్టింది అని అర్థము. కాలం విషయంలో ‘టేక్’ అంటే ‘పట్టు’.

ఒంగోలులో బాప్టిస్టు మిషనెరీ డాక్టర్ క్లౌ గారు 1876–78 నాటి గొప్ప కరువులో, ఆకలితో ఉన్నవారికి కూలి దొరకాలని బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని తామే ఒప్పుకున్నారు. ఇంగ్లీషులో ‘హి టుక్ ఎ కాంట్రాక్ట్’. మనము ‘కంట్రాక్టు పట్టారు’ అంటాము. ఇక్కడ కూడా ‘పట్టు’ అనే మాటే వచ్చింది.

ఆ కరువు తరువాత 1878 జూలై 3న, ఒక్కరోజులో, 2,222 మంది ‘బాప్తిస్మం తీసుకున్నారు’. తెలుగులో ‘తీసుకున్నారు’ ఉంది గదా అని ‘టుక్ బాప్టిజమ్’ అని రాయాలనిపిస్తుంది. మన ప్రాంతంలో అలా అనేవారు ఉన్నారు. కాని ఇంగ్లీషు పుస్తకాలలో వాడే మాట ‘వర్ బాప్టైజ్డ్’. బల్ల తీసుకోవడాన్ని మాత్రం ‘టేక్ కమ్యూనియన్’ అనవచ్చు. ఈ రెంటి తేడా సూత్రాలతో తేలదు. జతను జతగానే గుర్తుంచుకోవాలి.

4. మందు దగ్గర జాగ్రత్త

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. చాలా ఇళ్ళలో మందుల చీటీ చదివేది ఇంటర్ చదివే అబ్బాయో అమ్మాయో. గనుక ఈ భాగం నిదానంగా చదవండి.

‘టేక్ వన్ టాబ్లెట్ త్రీ టైమ్స్ ఎ డే’ అంటే రోజుకు మూడుసార్లు, ఒక్కొక్కసారి ఒక్కొక్క బిళ్ళ వేసుకోవాలి. ఒకేసారి మూడు బిళ్ళలు కాదు. ‘టేక్ ఆన్ యాన్ ఎంప్టీ స్టమక్’ అంటే పరగడుపున వేసుకోవాలి. ‘టేక్ ఆఫ్టర్ ఫుడ్’ అంటే అన్నం తిన్నాక. మందుల విషయంలో ‘టేక్’ అని ఉంటే నోట్లో వేసుకొనేదని తెలుసుకోండి. పైన రాసుకొనే మందుకు ‘అప్లై’ అని గాని, ‘ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ’ అని గాని ఉంటుంది. దాన్ని మింగకూడదు.

ఇంగ్లండులో పూర్వం విషపు సీసాల గాజు మీద ‘నాట్ టు బి టేకెన్’ అని అచ్చు పోసేవారు. చీకట్లో చేతికి తగిలినా తెలియాలని ఆ గాజును గరుకుగా, గాడులు గాడులుగా చేసేవారు. ఆ మాటకు ‘తీసుకోకూడదు’ అని అర్థం చెప్పుకుంటే ‘ఎవరూ ఎత్తుకుపోకూడదు’ అన్నట్టు ఉంటుంది. అసలు అర్థం ‘లోపలికి పుచ్చుకోకూడదు’, అంటే మింగకూడదు, తాగకూడదు అని.

మన పత్తి, మిరప పొలాలలో పురుగుమందు డబ్బా లేని ఇల్లు అరుదు. డబ్బా మీద ఉండే రంగు గుర్తు చూడండి. ఎరుపు మహా విషానికి గుర్తు. తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ క్రమంగా విషం తగ్గుతుంది. తగ్గుతుందే గాని ఆకుపచ్చ గుర్తు ఉన్నదైనా తాగదగినది కాదు.

మన తెలుగులో ‘మందు’ అనే మాటే గడ్డుది. ‘మందు వేసుకున్నాడు’ అంటే సాధారణంగా బిళ్ళ మింగాడని. ‘చేనుకు మందు కొట్టాడు’ అంటే పురుగుమందు చల్లాడని. ‘మందు తాగాడు’ అని ఎవరైనా పరుగెత్తుకొచ్చి చెబితే మన ఊళ్ళలో గుండె ఆగినంత పని అవుతుంది. ఆ మాటనే తెలుగు రాని డాక్టరు దగ్గర ‘హి టుక్ మెడిసిన్’ అని చెబితే ఏమవుతుంది? ‘రోగి తన మందు వేసుకున్నాడు, మంచిదే’ అనుకుంటాడు. ఎంతో విలువైన నిమిషాలు పోతాయి. అటువంటప్పుడు ‘హి డ్రాంక్ పెస్టిసైడ్’ అని సూటిగా చెప్పాలి. వెంటనే 108కి ఫోను చేసి, ఆ డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. డబ్బా మీది పేరు చూస్తే డాక్టరుకు ఏ విషమో తెలుస్తుంది. ఈ ఒక్క వాక్యం ఇంటిల్లిపాదికీ నేర్పండి. దాని అవసరం ఎవరికీ రాకూడదనే మా కోరిక.

5. తిరగేసి చూస్తే

మన భాష కూడా తక్కువది కాదు. ‘తీయు’ అనే మాట చూడండి. ఫోటో తీస్తే ‘టేక్’. పత్తి తీస్తే ‘పిక్’. తలుపు తీస్తే ‘ఓపెన్’. సినిమా తీస్తే ‘మేక్’. కలుపు తీస్తే ‘వీడ్’. ఇంగ్లీషువాడు తెలుగు నేర్చుకుంటే వాడికీ ఇంతే అవస్థ! గనుక ‘మాకు ఇంగ్లీషు రాదు’ అని పిల్లలు చిన్నబుచ్చుకోనక్కరలేదు.

6. తోకలు తగిలితే

‘టేక్ ఆఫ్’ అంటే విప్పు. ‘టేక్ ఆఫ్ యువర్ శాండల్స్’ – చెప్పులు విప్పు. విమానం నేల విడిచి లేవడం కూడా ‘టేక్ ఆఫ్’. ‘టేక్ ఆఫ్టర్’ అంటే పోలికలు రావడం. ‘టేక్ కేర్ ఆఫ్’ అంటే చూసుకో. ‘టేక్ పార్ట్’ అంటే పాల్గొను. ‘టేక్ ప్లేస్’ అంటే జరుగు.

అభ్యాసము

ఈ వాక్యాలను జవాబులు చూడకుండా ఇంగ్లీషులో చెప్పండి.
1. ఒంగోలు వెళ్ళడానికి రెండు గంటలు పడుతుంది.
2. వాళ్ళు పత్తి తీశారు.
3. అమ్మాయిది అచ్చం తండ్రి పోలిక.
4. నాన్న రాత్రి బిళ్ళ వేసుకున్నాడు.
5. నీ తమ్ముణ్ణి చూసుకో.

జవాబులు: 1. ఇట్ టేక్స్ టూ అవర్స్ టు గో టు ఒంగోల్. 2. దే పిక్డ్ ద కాటన్. 3. ద గర్ల్ టేక్స్ ఆఫ్టర్ హర్ ఫాదర్. 4. ఫాదర్ టుక్ ద టాబ్లెట్ ఎట్ నైట్. 5. టేక్ కేర్ ఆఫ్ యువర్ బ్రదర్.

రెండో వాక్యానికి ‘టుక్’ అని చెప్పినవారు అయిదవ భాగం మళ్ళీ ఒకసారి చదవండి. వచ్చే నెల ‘గెట్’ అనే మాటతో కలుసుకుందాము. అంతవరకు మీ దగ్గర సెలవు తీసుకుంటున్నాము. గమనించండి, సెలవు తీసుకుంటున్నాము గాని సెలవు పెట్టడం లేదు. ఇంగ్లీషులో మాత్రం రెండూ ‘టేక్ లీవ్’ కిందికే వస్తాయి!