అడవి అంచున నర్సుల రచనా ఉద్యమం: ప్రారంభ ప్రణాళిక

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల మీదుగా ఛత్తీస్‌గఢ్ అడవి దాకా ఉన్న ఆసుపత్రుల్లో, సబ్‌సెంటర్లలో, పల్లె దవాఖానాల్లో పనిచేస్తున్న నర్సులం, ఏఎన్ఎంలం మేము. మాతోపాటు నర్సింగ్ చదువుతున్న అమ్మాయిలు, వాళ్ళకు చదువు చెబుతున్న ట్యూటర్లు ఉన్నారు. అందరం కలిసి ఒక పని మొదలుపెడుతున్నాం. మా వృత్తిలో మేం నేర్చినదాన్ని మేమే రాస్తాం, తెలుగులో రాస్తాం. రాసింది ఒకరికొకరం చదివి వినిపించుకుని, తప్పొప్పులు తేల్చుకుని, అందరికీ అందేలా పంచుతాం. నర్సు అంటే ఎవరో ఇన్నాళ్ళూ ఇతరులే చెబుతూ వచ్చారు. ఇకమీదట మా పనిని చూపించి మేమే చెబుతాం.

ఈ అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే లేబర్ రూంలోకి రావాలి. సరిహద్దు అవతలి గూడెం నుంచి నొప్పులతో ఒక ఆదివాసీ స్త్రీ వస్తుంది. కొంత దూరం జెట్టీ (డోలీ) కట్టి మోసుకొస్తారు, కొంత దూరం ట్రాక్టరు, ఆ తర్వాత 108. చేతిలో గర్భిణులకిచ్చే ఎంసీపీ కార్డు ఉండదు, స్కానింగ్ అయి ఉండదు. ఆఖరి నెలసరి తేదీ అడిగి, దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపి కాన్పు తేదీ లెక్కకట్టమని మేం చదివిన పుస్తకం చెబుతుంది. ఆమె దగ్గర తేదీ లేదు. అనుభవమున్న సిస్టర్ తేదీ అడగదు కూడా. "ఏమమ్మా, ఆఖరిసారి బయట ఉన్నది ఇప్పపూలు ఏరేటప్పుడా? తునికాకుకు పోయినప్పుడా? భూమి పండుగకు ముందా, తర్వాతా?" అని అడుగుతుంది. ఇప్పపూలు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. తునికాకు కోత ఏప్రిల్ ఆఖరులో, మేలో. పూలు అయిపోయి ఆకు ఇంకా మొదలుకాని రోజుల్లో అని ఆమె అంటే ఏప్రిల్ మధ్య అని గుర్తు. అంటే కాన్పు జనవరి 22కు అటూఇటూ రావాలి. డిసెంబరు మొదటి వారంలోనే నొప్పులతో వచ్చిందంటే బిడ్డకు ముప్పై నాలుగు వారాలు కూడా నిండలేదన్నమాట. పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి ఎత్తు చూసి, సిస్టర్ తన లెక్కను సరిచూసుకుంటుంది. డాక్టరును పిలిచి స్టెరాయిడ్ ఇంజెక్షను మాట ఎత్తుతుంది, వార్మర్ వేయిస్తుంది, నవజాత శిశువుల వార్డు ఎస్ఎన్‌సీయూకు కబురు పెడుతుంది. ఇదంతా కొన్ని నిమిషాల్లో జరిగిపోతుంది.

కేస్‌షీటులో మిగిలేది "ప్రీటెర్మ్" అన్న ఒక్క మాట. ఆ మాట దాకా సిస్టర్ ఎలా చేరిందో ఎక్కడా రాసి ఉండదు. ఆ లెక్క నైట్ డ్యూటీల్లో నోటిమాటగా ఒకరి నుంచి ఒకరికి అందింది. ఆమెకు బదిలీ అయిన రోజున ఆమెతోపాటు వెళ్ళిపోతుంది. కొత్తగా చేరిన అమ్మాయి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి, అదీ రోగుల ప్రాణాల మీద. మా వరకు మాకు ఇంతకంటే పెద్ద నష్టం లేదు. అడవి క్యాలెండరుతో కట్టిన గర్భం లెక్క ఎంతమందికి సరిపోయింది, ఎంతమందికి తప్పింది, తప్పినచోట ఎన్ని వారాలు తేడా వచ్చింది? పుట్టిన బిడ్డ బరువుతో, వారాలతో పోల్చి ఇది తేల్చగలిగినవాళ్ళం మేమే. అలా తేల్చి రాస్తే అది పరిశోధన. ఇన్నేళ్ళు చేసిన పనిలో సగం పరిశోధన జరిగే ఉంది, రాయడమే మిగిలింది.

నర్సుల వృత్తి అస్తిత్వం మీద ప్రపంచంలో చర్చ బాగానే సాగుతోంది. 2018 నుంచి అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయం కేంద్రంగా ఈ విషయం మీద పనిచేస్తున్నవాళ్ళు దాన్ని నాలుగు అంశాలుగా చూస్తున్నారు: విలువలు, జ్ఞానం, నాయకత్వం, నడవడి. మాకు ఈ విభజన పనికొస్తుంది, ఎందుకంటే మా చదువులో ఏది ఎక్కువైందో, ఏది తక్కువైందో అది చూపిస్తుంది. నడవడి గురించి మాకు కావలసినంత చెప్పారు. జుట్టు ఎలా ముడవాలి, యూనిఫాం ఎలా ఉతకాలి, రౌండ్స్‌కు డాక్టరు వస్తే ఎక్కడ నిలబడాలి, గొంతు ఎంత తగ్గించాలి. నువ్వు చూసింది జ్ఞానం, దాన్ని నీ పేరుతో రాయి అని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఏటా మే 12న మేం దండ వేసే నైటింగేల్ దీపం పట్టుకున్న దేవత అని నేర్పారు. సైనికుల మరణాలకు కారణాలను 1858లో పటాలు గీసి ప్రభుత్వం ముందు పెట్టిన గణాంకవేత్త అని గట్టిగా నేర్పలేదు. నర్సు అనుభవంతో ఎలా పండుతుందో, తొలి అడుగు నుంచి నైపుణ్యం దాకా అయిదు మెట్లుగా 1984లో ప్యాట్రీషియా బెనర్ పుస్తకం రాసింది. ఆమె ఆధారాల్లో ముఖ్యమైనవి వార్డుల్లో నర్సులు చెప్పిన సంఘటనలే. ఇప్పపూల లెక్క కట్టే సిస్టర్ ఆ పుస్తకంలో ఉండదగిన మనిషి.

మన దేశంలోనూ ఈ పని కొత్తది కాదు. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ 1908లో ఏర్పడింది, 1910 నుంచి పత్రిక నడుపుతోంది. ప్రతి ఎంఎస్సీ నర్సింగ్ విద్యార్థిని ఒక థీసిస్ రాస్తుంది. అవన్నీ ఇంగ్లిషులో ఉంటాయి. బైండయి కాలేజీ లైబ్రరీ బీరువాలోకి చేరతాయి. ఏ వార్డులో కూర్చుని, ఏ తల్లుల్ని అడిగి ఆ వివరాలు సేకరించారో ఆ వార్డుకు, ఆ తల్లులకు ఒక్క పేజీ కూడా తిరిగి రాదు. మా మొదటి కోరిక ఇదే. ఈ ప్రాంతం మీద జరిగే ప్రతి నర్సింగ్ థీసిస్‌కు తెలుగులో రెండు పేజీల సారాంశం ఉండాలి, అది వివరాలు ఇచ్చిన చోటికి చేరాలి. విశ్వవిద్యాలయం దీన్ని నిబంధన చేసేదాకా అడుగుతూనే ఉంటాం. ఈలోగా విద్యార్థినులు తమంతట తామే మొదలుపెట్టవచ్చు.

వరదల సంగతి వేరే చెప్పాలి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరదను గుర్తుపెట్టుకున్న పెద్దవాళ్ళు కూడా భయపడ్డారు. నిండు నెలల గర్భిణులను ముందే ఆసుపత్రులకు తరలించారు. అది మంచి పని, ప్రభుత్వం చేసిన పని. ఏ ఊళ్ళో ఎవరికి ఎన్నో నెల, ఎవరిది రెండో సిజేరియన్, ఎవరికి రక్తం ఏడు గ్రాములే ఉంది అన్న జాబితా మాత్రం ఏఎన్ఎంల రిజిస్టర్ల నుంచి, ఆశాల జ్ఞాపకం నుంచి రావలసిందే. మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు ఇస్తారు, రెండోది 48కి, మూడోది 53కి. ఏ హెచ్చరికకు ఎవరిని కదిలించాలి, డయాలసిస్ రోగిని ఎప్పుడు, టీబీ మందులు ఎన్ని రోజులవి చేతికివ్వాలి, కరెంటు పోతే టీకాల ఐస్‌లైన్డ్ ఫ్రిజ్ సంగతేమిటి? ఇవన్నీ తెలిసినవాళ్ళు ఇప్పుడు ఉద్యోగాల్లోనే ఉన్నారు. వాళ్ళు రిటైరయ్యేలోపు గోదావరి వరదకాల నర్సింగ్ మీద ఒక చేతిపుస్తకం తెస్తాం. ఇది మా తొలి సామూహిక రచన.

రెండో రచన సరిహద్దు మీద. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, పట్టణం దాటగానే ఎటపాక ఆంధ్ర. మలేరియాకు ఆ గీత తెలియదు, కాన్పు నొప్పికీ తెలియదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న కుటుంబాల పిల్లలకు మొదటి టీకా ఒక రాష్ట్రంలో, రెండోది ఇంకో రాష్ట్రంలో పడుతుంది. రెండు పోర్టళ్ళలో ఆ బిడ్డ ఇద్దరు బిడ్డలవుతుంది, లేదా ఎక్కడా ఉండదు. ఈ చిక్కును విడదీయడానికి నర్సులు రోజూ ఏం చేస్తున్నారో రాయాలి. ఆంధ్రలోని చింతూరులో పనిచేసే చెల్లెలూ, ఛత్తీస్‌గఢ్‌లోని కోంటాలో పనిచేసే అక్కా ఇందులో మాకు సహ రచయితలే.

రాయడానికి మేం కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంటున్నాం. రోగి పేరు, ఊరు, గుర్తుపట్టే ఆనవాలు ఏదీ రాతలో ఉండదు. ఆదివాసీల గురించి రాసేటప్పుడు వాళ్ళ అనుమతి వాళ్ళ భాషలో అడుగుతాం. కోయ మాట్లాడే ఏఎన్ఎంలు, ఆశాలు ఉండగా ఇది కష్టం కాదు. గూడెంలో వైద్యం చేసే వడ్డె చెప్పిన మందు ఆకుల పేర్లు పరిశోధన పేరుతో బయటికి తీసుకుపోం, అది వాళ్ళ సొత్తు. వడ్డె దగ్గరికి వెళ్ళి ఆలస్యంగా వచ్చిన తల్లిని తిట్టే రాత కూడా మా దగ్గర అచ్చుకు వెళ్ళదు. ఆమె ఎందుకు ఆలస్యంగా వచ్చిందో తెలుసుకునే రాతకే చోటు. తేలిన విషయాన్ని గ్రామసభలో చెప్పి వస్తాం.

మాలో మాకే మెట్లున్నాయి. బీఎస్సీ వాళ్ళు జీఎన్ఎంను, జీఎన్ఎం వాళ్ళు ఏఎన్ఎంను, రెగ్యులర్ వాళ్ళు కాంట్రాక్టు వాళ్ళను తక్కువగా చూడటం అందరికీ తెలిసిందే. ఇక్కడ అది చెల్లదు. చూసింది ఎవరైతే రచయిత వాళ్ళే, పైస్థాయి వాళ్ళ పేరు ముందు చేర్చే అలవాటు మేం పాటించం. తెలంగాణలో 2017లో మొదలైన మిడ్‌వైఫరీ శిక్షణ పొందిన నర్సులు సొంత నిర్ణయంతో కాన్పులు చేయగలమని చూపించారు. వాళ్ళు ఈ పనికి ముందుండాలని అడుగుతున్నాం. జీతాల కోసం, రెగ్యులరైజేషన్ కోసం పోరాడుతున్న సంఘాలతో మాకు పోటీ లేదు. ఆ పోరాటాల్లో మేమూ ఉన్నాం.

అధికారులను అడిగేది ఎక్కువేమీ లేదు. నెలకు ఒక పూట, డ్యూటీగా లెక్కించి, చదువుకుని రాసుకోవడానికి ఇవ్వండి. బదిలీ అయిన నర్సు కొత్తగా వచ్చిన నర్సుతో మూడు రోజులు కలిసి పనిచేసే వీలు కల్పించండి. స్టాకు అప్పగింతకు సంతకాలున్నాయి, అనుభవం అప్పగింతకు ఈ మూడు రోజులైనా ఉండాలి.

అక్కలూ, చెల్లెళ్ళూ, ఈ వృత్తిలో ఉన్న అన్నదమ్ములూ! వచ్చే మే 12న ఎక్కడికక్కడ, వార్డులోనో సబ్‌సెంటర్‌లోనో కూర్చుందాం. ప్రతి ఒక్కరూ ఒక పేజీ తీసుకురండి. మీ డ్యూటీలో మీరు గమనించి, పుస్తకంలో దొరకని ఒక్క విషయం చాలు. ఏం చూశారు, ఏం చేశారు, ఏమైంది అని రాయండి. భాష బాగుండాలని, ఇంగ్లిషు పదాలు సరిగా రావాలని ఆగకండి. దిద్దడానికి మేమున్నాం. మొదటి సంచిక ఆ పేజీలతోనే వస్తుంది.