దమ్మపేట భూములు - చెరగని చిట్టా

ఖమ్మము, భద్రాచలము అడవుల సరిహద్దున నున్న దమ్మపేట ప్రాంతమున కాగితమునకు గల బలమెట్టిదో యెవరికిని క్రొత్తగా జెప్ప నక్కరలేదు. తాతముత్తాతల నాటినుండి పోడు గొట్టుకొని జొన్నలు చల్లుకొనిన కోయలకు, కొండరెడ్లకు దున్నిన చేనే సాక్ష్యముగాని కాగితపు సాక్ష్యము లేకపోయెను. పైనుండి వచ్చినవారికి నాగలి లేకున్నను కాగితము గలిగెను. కచ్చేరీలో నాగలి యోడినది, కాగితము గెలిచినది. మన గిరిజన ప్రాంతముల భూచరిత్రలో అధిక భాగము ఈ రెండు మాటలలో నిమిడియున్నది.

ఇప్పుడు కాగితముకన్న బలమైన చిట్టా యొకటి ప్రపంచమున వెలసినది. దానిని బ్లాక్‌చెయిన్ అందురు. భూముల రికార్డులను ఆ చిట్టాకెక్కించినచో మోసములు తొలగునని, పేదవాని హక్కు స్థిరపడునని పండితులును ప్రభుత్వములును చెప్పుచున్నారు. ఈ మాటలో సత్యము గలదు. అపాయమును గలదు. రెంటిని వేరుచేసి చూపుట మా విధియని తలంచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట ఆ చిట్టా యెట్టిదో తెలిసికొందము. గ్రామములోని లెక్కల పుస్తకము ఒక్కరి చేతిలో నుండును. ఆయన పుట చించవచ్చును, అంకె దిద్దవచ్చును. బ్లాక్‌చెయిన్ చిట్టాయన్ననో ఒక్కరి చేతిలో నుండదు. దాని ప్రతులు పలువురి యొద్ద నుండును. ప్రతి పుటమీదను వెనుకటి పుటయొక్క గురుతు గణిత రూపమున ముద్రింపబడి యుండును. నడుమ నొక్క అక్షరము మార్చినను తరువాతి పుటలన్నిటి గురుతులును తప్పిపోవును. తక్కిన ప్రతులవారు వెంటనే పట్టుకొందురు. 2008లో సతోషి నకమోటో అను మారుపేరుతో వెలువడిన బిట్‌కాయిన్ పత్రముతో ఈ పద్ధతి లోకప్రసిద్ధమయ్యెను. బిట్‌కాయినునకు విపరీతముగ విద్యుచ్ఛక్తి ఖర్చగుట నిజమే. కాని గుర్తింపుగల కొన్ని కార్యాలయముల నడుమ నడచు భూమి చిట్టాకు అంత శక్తి యక్కరలేదు. కావున ఆ యాక్షేపణ యిచట నిలువదు.

ఐక్యరాజ్యసమితి 2015లో ప్రపంచాభివృద్ధికై 17 లక్ష్యములను నిర్ణయించి, వానికి 2030వ సంవత్సరమును గడువుగా బెట్టినది. దారిద్ర్య నిర్మూలనమను మొదటి లక్ష్యములోనే బీదలకు భూమిపై హక్కుండవలెనను మాట చేరియున్నది. ఈ లక్ష్యముల సాధనకు బ్లాక్‌చెయిన్ ఉపకరించునని పలుచోట్ల ప్రయోగములు జరిగినవి. జోర్డాను దేశపు అజ్రాక్ శిబిరములోని సిరియా శరణార్థులకు ప్రపంచ ఆహార కార్యక్రమము వారు 2017లో ఈ చిట్టా మూలమున సహాయము పంచనారంభించిరి. అంగడిలో కంటి గురుతు చూపినంతనే సరకు చేతికి వచ్చెను. నడుమ బ్యాంకులకు బోవు రుసుము మిగిలెను. ఇది మెచ్చదగిన పని.

భూముల విషయమున మాత్రము రెండు దేశముల యనుభవము రెండు విధములుగ నున్నది. జార్జియా దేశము 2016 నుండి తన భూహక్కు పత్రముల గురుతులను ఈ చిట్టాకెక్కించి జయము గాంచెను. మధ్య అమెరికాలోని హోండూరాస్ దేశమున 2015లో ఇట్టి ప్రయత్నమే ప్రకటింపబడి, ఆ సంవత్సరము గడచులోపలనే నిలిచిపోయెను. యంత్రమొకచోట మంచిది, ఒకచోట చెడ్డది గాదు. జార్జియావారు అంతకు పదేండ్లు ముందుగనే తమ రిజిస్ట్రేషను శాఖను సంస్కరించి రికార్డులను చక్కబెట్టుకొనియుండిరి. హోండూరాసులో నట్టి పునాది లేకుండెను. చిట్టా నిజమును కాపాడగలదు కాని నిజమును పుట్టింపజాలదు. ఈ యొక్క సంగతి మన పాలకులు మరువకుండిన జాలును.

మన తెలుగు రాష్ట్రములును ఈ విషయమున వెనుకబడి లేవు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము భూమి రికార్డులకు ఈ పద్ధతిని పరీక్షింప బూనెను. తెలంగాణ ప్రభుత్వము 2019లో బ్లాక్‌చెయిన్ విధానపు ముసాయిదాను వెలువరించెను. 2020లో నీతి ఆయోగ్ దేశమంతటికి సంబంధించిన వ్యూహపత్రమును ప్రకటించెను. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము విశ్వస్య అను పేర జాతీయ బ్లాక్‌చెయిన్ ఏర్పాటును ప్రారంభించెను. కావున నేడు కాకున్న రేపు దమ్మపేట సర్వే నెంబర్లు చెరగని చిట్టాకెక్కు దినము రాగలదు. ఆ దినమున మొదటి పుటలో ఎవరి పేరు వ్రాయుదురు? మా ప్రశ్న యిదియే.

దమ్మపేట షెడ్యూల్డు ప్రాంతము. ఇచటి భూముల కొక ప్రత్యేక శాసనము గలదు. 1959వ సంవత్సరపు భూబదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణమునకు వర్తింపజేయబడినవి. 1970లో వానిని సవరించిరి. జనులు దానినే 1/70 చట్టమందురు. ఈ ప్రాంతమున భూమి గిరిజనులకు, లేక గిరిజనులే సభ్యులుగాగల సహకార సంఘములకు దప్ప అన్యులకు బదలాయింపరాదు. అమ్మకము, తనఖా, కౌలు, దానము అన్నియు ఈ నిషేధములో చేరినవే. అంతేకాదు, గిరిజనేతరుని స్వాధీనములోని భూమి గిరిజనుని యొద్దనుండియే వచ్చినదని చట్టము భావించును. కాదని నిరూపించు భారము అనుభవించువానిదే.

ఈ చట్టముయొక్క హృదయమును గ్రహింపవలెను. ఇది కాగితమును సందేహించు చట్టము. గిరిజనుని భూమి ఏ విధముగ చేయిదాటెనో యెరిగి చేసిన చట్టము. చెరగని చిట్టాయొక్క స్వభావము దీనికి పూర్తిగా భిన్నము. అది వ్రాతను నమ్మును. ఒకమారు వ్రాసినదానిని వేయిమంది సాక్షులవలె కాచును. నేటి పహాణీలోని పేర్లను విచారణ లేకుండ అట్లే యెత్తి ఆ చిట్టాలో బెట్టినచో చట్టము సందేహింపుమన్నదానిని యంత్రము సత్యమని ముద్రవేయును. బినామీ పేర్లు, తెల్లకాగితపు క్రయములు, నోటిమాట కౌలులు అన్నియు ఒక్క రాత్రిలో శాశ్వతత్వము పొందును. వెనుకటి పట్వారీ దిద్దిన అంకెను మరియొకడు మరల దిద్దుట కవకాశముండెను. ఈ చిట్టాలో మొదటి యబద్ధమునకే పట్టాభిషేకము జరుగును.

తొందరపాటు ఫలమును తెలంగాణ రైతు లోగడ రుచిచూచియే యున్నాడు. 2017 సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన మొదలయ్యెను. 2020 అక్టోబరు 29న ధరణి వెలసెను. అది బ్లాక్‌చెయిన్ కాదు. అయినను తప్పు దిద్దు దారి యిరుకైనందున పేరు తప్పినవాడు, విస్తీర్ణము తగ్గినవాడు, నిషేధిత జాబితాలో జిక్కినవాడు కార్యాలయముల చుట్టు, కోర్టుల చుట్టు తిరుగవలసి వచ్చెను. ఆ బాధలు విన్నమీదటనే భూభారతి చట్టము పుట్టి, 2025 ఏప్రిల్ 14 నుండి అమలులోనికి వచ్చెను. అప్పీలునకు తావు కల్పింపబడెను. సాధారణ గణనయంత్రమునకే యింత కష్టమైనచో చెరగని చిట్టా విషయమున నెంత జాగరూకత వలయునో చదువరులే యోచింతురు గాక.

దమ్మపేటకు మరియొక కారణమున ఈ చర్చ దగ్గరైనది. ఈ మండలము ఆయిల్‌పామ్ తోటలకు పేరొందినది. అప్పారావుపేటలో ఆయిల్‌ఫెడ్ వారి ఫ్యాక్టరీ గలదు. తోటలలో గోసిన గెలలు అచట నూనెయగుచున్నవి. 2021లో కేంద్రము 11,040 కోట్ల రూపాయల వ్యయముతో వంటనూనెల జాతీయ పథకమును ఆమోదించిన పిమ్మట ఈ పంటకు దేశమంతట ప్రోత్సాహము హెచ్చినది. ఇక విదేశములలోనో, నూనె ఏ తోటనుండి వచ్చెనో తెలుపుమని కొనువారు అడుగు కాలము వచ్చినది. యూరపు సమాఖ్య 2023లో చట్టముజేసి, 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికిన నేలలో పండిన పామాయిలు, కాఫీ మున్నగువానిని తమ విపణిలోనికి రానీయరాదని నిశ్చయించెను. దాని యమలు వాయిదాలు పడుచు వచ్చినను ఆ యాలోచన మాత్రము స్థిరపడినది. గెలనుండి సీసావరకు లెక్క చూపుటకు బ్లాక్‌చెయిన్ వాడుట యిండోనేషియాలో ప్రయోగింపబడినది.

అడవి నరికితిరా యని యడుగుట న్యాయమే. కాని, ఆ నేల యెవరిదని యెవరు నడుగుటలేదు. అడవి నరుకని తోటయైనను గిరిజనుని యొద్ద అక్రమముగ తీసికొనిన భూమిలో నున్నచో ఆ నూనెను సుస్థిరాభివృద్ధి ఫలమని చెప్పవచ్చునా? పచ్చని చెట్టు వ్రేళ్ల క్రింద పరుల హక్కు పాతిపెట్టబడి యుండరాదు.

అట్లయిన ఈ విద్య మనకు వలదందుమా? అట్లనుట మా యుద్దేశము గాదు. ఆలస్యమువలనను నష్టము గలదు. స్థిరమైన రికార్డు లేని ప్రతి సంవత్సరమును బలహీనుని చేను కొంత కరుగుచునే యుండును. ఈ చిట్టాలో మేలైన గుణములును గలవు. దీనిలో తప్పును తుడిచివేయరు, తప్పు ప్రక్కన దిద్దుబాటు వ్రాయుదురు. తప్పెవరు వ్రాసిరో, ఏ యుత్తరువు చేత దిద్దిరో రెండును నిలిచియుండును. రహస్యముగ కలము జరుపు అధికారికి ఇంతకన్న భయకారణము లేదు. మరియు షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరుని పేరిట వ్రాయబోయిన ఆ వ్రాతనే స్వీకరింపకుండునట్లు చిట్టాలోనే నియమము పొందుపరుపవచ్చును. అయితే బినామీని యంత్రము కనిపెట్టజాలదు. పట్టా యెవరి పేరనున్నదో యంత్రమెరుగును. పంట యెవరి యింటికి బోవుచున్నదో ఊరెరుగును.

కావున గ్రామసభయే ఈ చిట్టాకు తల్లివేరు కావలెను. 1996వ సంవత్సరపు పెసా చట్టము గ్రామసభకు గౌరవస్థాన మిచ్చినది. 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము హక్కుల విచారణను గ్రామసభతోనే మొదలుపెట్టినది. మేము ప్రభుత్వమును కోరునవి యివి.

మొదటిది. ఏ గ్రామపు రికార్డునైనను చెరగని చిట్టాకెక్కించుటకు ముందు గ్రామసభలో సర్వే నెంబరు వారీగా తెలుగున, కోయభాషలోను చదివి వినిపింపవలెను. ఆక్షేపణలకు తగినంత గడువీయవలెను.

రెండవది. 1/70 క్రింద విచారణలోనున్న ప్రతి భూమికెదురుగ వివాదగ్రస్తమని వ్రాయవలెను. తీర్పు వచ్చువరకు దానిని ఎవ్వరి సొత్తుగను స్థిరపరుపరాదు.

మూడవది. పోడు పట్టాలతో ఈ పనిని ప్రారంభింపవలెను. 2023 జూన్ చివర మొదలైన పంపిణీలో రాష్ట్రమున 4 లక్షల ఎకరములకు పైగా భూమికి పట్టాలిచ్చిరి. ఈ హక్కు వారసులకు సంక్రమించును గాని అమ్ముటకు వీలులేదు. కావున ఇచట యంత్ర నియమము సులభముగ నడచును. చట్టము చెప్పినట్లు భార్యాభర్తలిరువురి పేర్లును చిట్టాలో నుండవలెను. ఊరుమ్మడి హక్కులను మరువరాదు.

నాలుగవది. చిట్టా ప్రతి యొకటి గ్రామసభ యధీనమున నుండవలెను. రైతు చేతికి ముద్రిత ప్రతి యొకటి యీయవలెను. సెల్‌ఫోను లేనివాడు, రహస్య సంకేతము మరచినవాడు తన హక్కును గోల్పోవు దుఃస్థితి రారాదు. తన భూమిని తాను చూచుకొనుటకు మధ్యవర్తికి రుసుమిచ్చు రైతునకు క్రొత్త చిట్టా పాత కచ్చేరీయే యగును.

స్వరాజ్యము వచ్చినదని 1947లోనే వింటిమి. హైదరాబాదు సంస్థాన ప్రజలు 1948లో నా మాట వినిరి. కాని, తన నేలను గూర్చి దొరతనమువారి పుస్తకములో నేమి వ్రాయబడినదో తానెరిగి, తప్పైన తప్పని చెప్పి దిద్దింప గలిగినప్పుడే రైతునకు స్వరాజ్యము పూర్ణమగును. చెరగని చిట్టా రానిండు. దానిలో మొదటి పుట వ్రాయునపుడు దమ్మపేట గూడెములోని ముసలివానిని, ముసలమ్మను పిలిచి కూర్చుండబెట్టి, ఈ చేను మొదట నెవరు గొట్టిరని యడిగి వ్రాయుడు. అట్లు వ్రాసిన చిట్టాకు గణితముతోపాటు ధర్మమును కాపుండును. అడుగక వ్రాసినచో, పాత యన్యాయమునకు క్రొత్త తాళము వేసినవారమగుదుము. ఆ పాపమునకు యంత్రము బాధ్యత వహింపదు. బాధ్యులము మనమే.