కనుఁగొనుటయా? కబళించుటయా?

మన పాఠశాలలలో బాలురు తరతరములుగ వల్లించుచున్న వాక్య మొకటి కలదు. 1498వ సంవత్సరమున వాస్కోడగామా యను పోర్చుగీసు నావికుఁడు హిందూదేశమునకు సముద్రమార్గమును గనుఁగొనెను, అనునదే యా వాక్యము. తాతలు దీనిని వల్లించిరి, తండ్రులు వల్లించిరి, మనుమలును వల్లించుచున్నారు. వాక్యము చిన్నది. అందిమిడియున్న యసత్యము పెద్దది. గోవాపైఁ బోర్చుగీసు పతాకము 1961 డిసెంబరు 19వ తేదీన దిగిపోయినది. ఈ వాక్యము మాత్రము మన బాలుర నాలుకలపై నింకను ఎగురుచునేయున్నది. పతాకమును దింపుటకు సైన్యము చాలినది; వాక్యమును దింపుటకు వివేకము కావలయును.

కనుఁగొనుట యనఁగా నేమి? ఎవ్వరికిని దెలియని దానిని మొదట నెఱుఁగుట. మఱి యీ సముద్రమార్గము ఎవ్వరికిఁ దెలియకుండెను? క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఎర్రసముద్రపు రేవులనుండి గ్రీకు వర్తకుఁడొకఁడు వ్రాసిన నౌకాయాన గ్రంథమున మన కృష్ణాతీరసీమ 'మసాలియా' యను పేరఁ బేర్కొనఁబడినది. అచట విస్తారముగ సన్నని వస్త్రములు నేయుదురని యందుఁ గలదు. ఏఁట 5 కోట్ల సెస్టర్సులు హిందూదేశమునకుఁ దరలిపోవుచున్నవని రోమునగరపు ప్లినీ వాపోయెను. రెండవ శతాబ్దమున శాతవాహన రాజగు యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెములపై రెండు తెరకంబముల యోడను ముద్రించెను. ఓడ బొమ్మను నాణెమునకెక్కించిన జాతి సముద్ర మెఱుఁగని జాతి యగునా? అరబ్బులు, పారసీకులు, ఘూర్జరులు, తూర్పు ఆఫ్రికా తీరవాసులు గామా పుట్టుకకు శతాబ్దములకు ముందే ఋతుపవనముల ననుసరించి యీ సముద్రమునఁ బోవుచు వచ్చుచు నుండిరి. 1405 మొదలు 1433 వఱకు చీనాదేశపు సేనాని జెంగ్ హో యేడు పర్యాయములు బయలుదేఱి, మొదటి యాత్రలోనే 27 వేలకు పైబడిన జనముతో మన పశ్చిమతీరమునకు వచ్చెను. ఆ దేశమువారెవరును తాము హిందూదేశమును గనుఁగొంటిమని చాటుకొనలేదు. నిండుసంతకు వచ్చినవాఁడు సంతను గనుఁగొంటినని చెప్పుకొనఁడు గదా!

గామా సాహసమును మేము కాదనము. 1497 జూలై 8వ తేదీన నాలుగు ఓడలతో లిస్బను విడిచి, దక్షిణ అట్లాంటికు సముద్రమున మూఁడు నెలలు నేల కానక పయనించుట సామాన్యుల పని కాదు. ఆఫ్రికా దక్షిణాగ్రమును 1488లోనే బార్తొలొమేయు దియాసు చుట్టివచ్చియుండినను, ఆపైఁ దూర్పు తీరము పొడవున నెగఁబ్రాఁకి మాలిందీ చేరుట గొప్ప కార్యమే. పోర్చుగలునుండి మాలిందీ వఱకుఁ గల దారి ఐరోపావారికిఁ గ్రొత్త. దానిని గామా కనుఁగొనెనందురేని మాకు వివాదము లేదు. కాని మాలిందీనుండి మలబారు వఱకుఁ గల దారిని జూపినదెవరు? మాలిందీ ప్రభువు ఇచ్చిన మార్గదర్శి. అతఁడు ఘూర్జరదేశీయుఁడని పోర్చుగీసు చరిత్రకారుఁడు బారోసే వ్రాసెను. గామా తన నక్షత్రమాపక యంత్రమును జూపఁగా నతఁ డాశ్చర్యపడలేదఁట. పైగాఁ దన యొద్దనున్న హిందూదేశ తీరపటమును విప్పి చూపెనఁట! ఏప్రిలు 24వ తేదీన మాలిందీ విడిచిన యోడలు ఆ మార్గదర్శి చలువను మే 20 నాఁటికిఁ గళ్లికోటకుఁ జేరువలోని కాప్పాడు చెంత లంగరు దించెను.

ఆ మార్గదర్శి పేరేమి? చరిత్ర చెప్పదు. బారోసు పేరుగా వ్రాసినది 'మలేమో కానా' యనుమాట. అది ఓడ నడపువానికిని నక్షత్రములు చూచువానికినిఁ జెందిన వృత్తినామమే గాని మనుష్యుని నామము కాదు. దారి చూపినవాఁడు పేరు లేనివాఁడయ్యెను. అతని వెంట వచ్చినవాఁడు లోకప్రసిద్ధుఁ డయ్యెను. ఇంతకంటె విచిత్రము తిరుగు ప్రయాణమునఁ గలదు. ఈశాన్యపుగాలి నిలువకమునుపే, తగిన కాల మెఱుఁగక గామా అక్టోబరు మొదటి దినములలో అంజదీవి విడిచెను. వచ్చునపుడు నెలకు లోఁబడి దాఁటిన సముద్రమును దాఁటుటకు ఈ మాఱు ఇంచుమించు మూఁడు నెలలు పట్టెను. చిగుళ్లు వాచి, కాళ్లు పొంగి 30 మంది నావికు లా దారిలోనే చనిపోయిరి. ఓడ నడపుటకుఁ జాలినంతమంది మిగులక, ఒక యోడను ఆఫ్రికా తీరమునఁ దగులఁబెట్టవలసివచ్చెను. దారిని గనుఁగొన్నవాఁడు తిరిగి పోవుటకు దారి యెఱుఁగకుండుట యెట్టి కనుఁగొనుట?

కాప్పాడు చెంత జరిగిన మొదటి ఘట్టము మన పాఠ్యపుస్తకములలో నుండఁదగినది. గామా తానుగా నేలఁ ద్రొక్కుటకు వెఱచి, చచ్చినను నష్టము లేదని తెచ్చుకొనిన యొక శిక్షితుని మొదట ఒడ్డునకుఁ బంపెను. వాని కెదురైనవారు టూనిసునుండి వచ్చి కళ్లికోటలో నున్న ఇద్దఱు ముసల్మానులు. వారు వానితోఁ గాస్టీలు, జెనోవా దేశముల భాషలలో మాటలాడిరి! కనుఁగొనఁబడిన 'అజ్ఞాత' దేశమునఁ దొలిపలుకు ఐరోపా పలుకే యయ్యెను. పిమ్మట సామూతిరి యాస్థానమునకు గామా కొనిపోఁదలఁచిన కానుకలేవి? చాఱల గుడ్డలు 12, ఎఱ్ఱని తలముసుగులు 4, టోపీలు 6, పగడపుఁ బేరులు 4, చేతులు గడుగుకొను పళ్లెములు 6, కొంత పంచదార, కొంత నూనె, కొంత తేనె. అధికారులు చూచి నవ్విరి. మక్కానుండి వచ్చు నిఱుపేద వర్తకుఁడును ఇంతకంటె మంచివి తెచ్చునని వారన్నట్లు గామా వెంట వచ్చినవాఁడే దినచర్యలో వ్రాసికొనెను. మిరియాల రాశులు, పట్టుగుడ్డలు, రత్నములు చేతులు మాఱు మహాపట్టణమునకుఁ దేనెకుండలతో వచ్చినవాఁడు నాగరకుఁడఁట. ఆ పట్టణవాసులు కనుఁగొనఁబడినవారఁట!

మఱి గామాయును ఆతని వెనుకటివారును ఈ సముద్రమునకుఁ గ్రొత్తగాఁ దెచ్చినదేమియు లేదా? కలదు. దానిని బాలురకు నేర్పువారు లేరు. వారు తెచ్చినది సముద్రమునకుఁ బట్టా. 1494లో స్పెయిను, పోర్చుగలు రాజులు టోర్డెసిలాసు ఒడంబడికలో భూగోళమును గీత గీచి పంచుకొనిరి. గామా తిరిగివచ్చినంతనే మాన్యుయేలు రాజు తన్నుఁ దాను ఇతియోపియా, అరేబియా, పారసీక, హిందూదేశముల విజయమునకును, నౌకాయానమునకును, వర్తకమునకును ప్రభువుగాఁ బ్రకటించుకొనెను. వెనువెంట ఫిరంగులు వచ్చెను. 1500 డిసెంబరులోఁ గబ్రాలు కళ్లికోటపై గుండ్లు గురిపించెను. 1502లో గామా రెండవసారి పెద్ద నౌకాదళముతో వచ్చి, మక్కానుండి మరలి వచ్చుచున్న యాత్రికుల యోడను బట్టి, ధనమును దోఁచి, స్త్రీలు బిడ్డలతోఁ గూడ నందున్న కొన్ని వందలమందిని నిప్పుపాలు చేసెను. తల్లులు బిడ్డల నెత్తిచూపి వేఁడుకొనినను అతని మనసు కరఁగలేదు. ఇది మేము కల్పించిన మాట గాదు. ఆ దళముననే యుండి కన్నులారఁ జూచిన తోమే లోపెసు వ్రాసినది. ఆ దినమును దన జీవితకాలమున మఱవలేనని యాతఁడు చెప్పుకొనెను. కళ్లికోటనుండి ముసల్మాను వర్తకులను వెడలఁగొట్టుమని గామా యాజ్ఞాపింపఁగా, తన పట్టణమునఁ జిరకాలముగ వసించు వేలకొలఁది కుటుంబములను వెడలఁగొట్టుట ధర్మము గాదని సామూతిరి నిరాకరించెను. ఆ ధర్మమునకు ఫలముగ నాతని పట్టణముపై మరలఁ గుండ్లు గురిసెను.

ఆ పిమ్మటఁ గర్తాజు వచ్చినది. కర్తాజు అనఁగాఁ బోర్చుగీసువారి యనుమతిపత్రము. మన తండ్రితాతలు పోవుచున్న సముద్రమునఁ బోవుటకు మనమే వారి చేతినుండి చీటి కొనవలయును. వారి కోటల యొద్ద ఆఁగి సుంకము చెల్లింపవలయును. మిరియముల నెక్కింపరాదు. చీటి లేని యోడ దోపిడికిఁ బాలగును. అక్బరు పాదుషా యత్త గుల్బదన్ బేగము 1576లో మక్కాయాత్రకుఁ బోవునపుడు ఈ చీటికై సూరతులోఁ జిరకాలము వేచియుండవలసి వచ్చెనన్నచో, సామాన్య వర్తకుని గతి యేమగునో పాఠకులే యూహింతురుగాక!

ఇప్పుడు మన మోటుపల్లి శాసనమును దలఁచుకొందము. గామా రాకకు 250 సంవత్సరములకుఁ బూర్వము, కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సముద్రవర్తకులకు అభయశాసన మిచ్చెను. గాలివానలకుఁ దీరమునఁ బడిన యోడల సొత్తును పూర్వపు రాజులు బలవంతముగఁ గైకొనుచుండిరనియు, ప్రాణముకంటె ధనము ప్రియమైన వర్తకులపైఁ గరుణచేతను, కీర్తిధర్మములకొఱకును తాము నియతమగు సుంకము దక్క తక్కినదంతయు విడిచితిమనియు దాని భావము. ఒక శిలపైఁ జెక్కిన యీ మాటలనొక వంకను, కర్తాజు చీటి నొక వంకను బెట్టి చూడుఁడు. ఒకటి విఱిగిన యోడకు అభయము. రెండవది నడచుచున్న యోడకు భయము. నాగరకత యెచట నున్నదో తూఁచుటకు వేఱు త్రాసు కావలయునా?

ప్రతిపక్షులు రెండు మాట లందురు. మన రాజులును నౌకాయుద్ధములు చేయలేదా యనుట మొదటిది. చేసిరి. 1025లో రాజేంద్రచోళుఁడు సముద్రము దాఁటి శ్రీవిజయముపై దండెత్తెను. చీనావారును 1411లో సింహళమున నొక రాజును జెఱపట్టిరి. ఆ చేఁతలను మేము పుణ్యకార్యము లనము. కాని వారెవరును హిందూమహాసముద్రమంతయుఁ దమ సొత్తనియు, తమ చీటి లేనివారు దొంగలనియుఁ జాటలేదు. ఆ పని చేసినవాఁడు దొరయఁట. దాని నెదిరించిన కుంజాలి మరక్కారులు సముద్రపు దొంగలఁట!

రెండవది, పోర్చుగీసువారి వలన మేలు కలుగలేదా యనుట. అమెరికానుండి మిరపకాయ, జీడిమామిడి వారి యోడలలోనే వచ్చెను. 1556లో గోవాలో అచ్చుయంత్రము వెలసెను. మిరపకాయ లేని యాంధ్రుని భోజనము నూహింపలేము, నిజమే. కాని గుంటూరుసీమ నేలలో మిరపను బండించి లోకమునకుఁ బంపినది మన రైతు కష్టము గాని గామా కరుణ గాదు. అచ్చుయంత్రము వచ్చిన నాలుగేండ్లకే, 1560లో, ఆ గోవాలోనే మతవిచారణ న్యాయస్థానమును వెలసెను. వర్తకుని సంచిలో విత్తనము వచ్చుటకు ఊరు తగులఁబడవలసిన పని లేదు.

అయినను నింద నంతయుఁ బరులపై వైచి మన చేతులు గడుగుకొనుట న్యాయము గాదు. నాలుగోడల నావికుఁడు రెండు తరములలో సముద్రమునకు యజమానుఁ డెట్లయ్యెను? పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్లు మన పోరులే యాతనికిఁ బీటవేసెను. సామూతిరిపైఁ గినుకతోఁ గొచ్చి రాజు పోర్చుగీసువారికిఁ జోటిచ్చెను. కన్ననూరు రాజు వర్తకమున కొప్పుకొనెను. పెద్ద రాజులు గుఱ్ఱములకై గోవా రేవువంకఁ జూచుచుండిరి గాని సముద్రమును గాచుకొనవలయునని తలఁపలేదు. కడకు, తరతరములుగఁ గళ్లికోట పక్షమునఁ బోరాడిన కుంజాలి వంశమున నాలుగవవానిని, సామూతిరియే పరుల పక్షముఁ జేరి 1600లో లోఁబఱచుకొనెను. ప్రాణభయము లేదను మాట నమ్మి లొంగిన యా వీరుని పోర్చుగీసువారు గోవాకుఁ గొనిపోయి తల నఱికిరి. ఇదియును మన చరిత్రయే. దీనిని దాఁచి గామా క్రూరత్వమును మాత్రమే చెప్పుట బాలురకు మఱియొక యసత్యమును నేర్పుటయే యగును.

1998లో, గామా రాకకు 500 సంవత్సరములు నిండినపుడు, లిస్బను నగరమున మహాప్రదర్శనము జరిగెను. క్రొత్త వంతెన కాతని పేరు పెట్టిరి. వారి నావికుని వారు గౌరవించుకొనిరి. అది వారి యిష్టము. కాని గోవాలో ఒక పట్టణము నేఁటికిని ఆతని పేరనే పిలువఁబడుచున్నది. కాప్పాడులో ఆతఁడు దిగినచోట ఱాయి కలదు. ఆతనికి దారి చూపిన ఘూర్జరునకు ఱాయి యెచ్చట? విగ్రహములు విఱుగఁగొట్టుఁడని మేము చెప్పము. ఱాళ్లపైఁ గోపము పిఱికివాని పౌరుషము. మేము కోరునది వాక్యమును సరిదిద్దుఁడని మాత్రమే.

విద్యాధికారులారా, ఉపాధ్యాయులారా! రేపు తరగతిలో బాలునిచే నీ మాటలు చెప్పింపుఁడు: "1498లో వాస్కోడగామా, పేరు తెలియని యొక ఘూర్జర నావికుఁడు చూపిన దారిని, ప్రపంచ మెఱిఁగిన కళ్లికోట రేవునకు వచ్చెను. నాలుగు సంవత్సరముల తరువాత ఫిరంగులతో మరల వచ్చెను. మనలో మనము కలహించుచుండుటచే నాతనివారు నిలిచిరి." పరీక్షలో నింతకంటె నెక్కువ మార్కులు రాకపోవచ్చును. కాని యా బాలుఁడు తన సముద్రమును దాను గనుఁగొన్నవాఁడగును.