సంపాదకుని మాట: పగడాల మీద కాలు మోపకండి

ఈసారి ముఖచిత్ర కథనం అండమాన్ దీవుల మీద. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడ్డ మనవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు.

అండమాన్‌లోని వండూరు జెట్టీలో పడవ ఎక్కే ముందే సంచులు వెతుకుతారు. ప్లాస్టిక్ సీసా, చిప్స్ పొట్లం ఉంటే అక్కడే వదిలెయ్యాలి. 1983లో ఏర్పడిన ఇక్కడి మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కులో జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులను ఏడాదిలో వంతులవారీగా తెరుస్తారు. ఒకచోటికి జనం వెళ్తున్నన్నాళ్లూ రెండోచోటు తేరుకుంటుంది. ఇంత మంచి పద్ధతి మన పర్యాటక స్థలాలన్నిటా రావాలని మా కోరిక. దీవిలో హోటళ్లుండవు, మధ్యాహ్నానికి పులిహోరో పెరుగన్నమో స్టీలు డబ్బాలో పట్టుకెళ్లడమే మేలు.

స్నార్కెల్ గొట్టం నోట కరిచి ముఖం నీళ్లలో పెడితే, జింక కొమ్ముల్లా చీలిన పగడాల సందుల్లోకి చారల చేపలు దూరిపోతుంటాయి. చిలకచేప పగడాన్ని కొరుకుతుంటే కరకరమన్న చప్పుడు చెవికి స్పష్టంగా తెలుస్తుంది. పగడం రాయిలా కనిపించినా ప్రాణమున్నది. 2010లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు పెద్దయెత్తున పాలిపోయాయి. అలసట వచ్చినా వాటి మీద నిలబడకండి, లైఫ్‌జాకెట్ ఆసరాతో తేలండి. గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకుని రాకండి. ఎప్పుడు వెళ్లాలో, పర్మిట్ ఎలా తీసుకోవాలో లోపలి పేజీల్లో చూడండి.