పొల్లు ఏ కీలో ఉంది బాబూ?

విజయవాడలో ఇరవై ఏళ్లుగా డీటీపీ చేస్తున్నాను. అను ఫాంట్లయితే కళ్లు మూసుకుని కొడతాను. యూనికోడ్‌కు మారాక, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంటామని వచ్చేవాళ్ల కోసం రెండు పేజీల కాగితం ఒకటి రాశాను. అందులో మొదటి అరపేజీ నా పాండిత్యమే. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఈ కీబోర్డును ఖాయం చేసిందనీ, అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయనీ, కె నొక్కితే తెలుగులోనైనా కన్నడంలోనైనా క పడుతుందనీ.

రిటైరైన టీచరుగారొకరు ఆ కాగితం పట్టుకుని నా పక్కన కూర్చున్నారు. మనవరాలికి తెలుగులో ఉత్తరం రాయాలట. "అమరికల్లోకి వెళ్లి తెలుగును జోడించండి" అన్నచోటే ఆగిపోయారు. తెరంతా వెతికినా అమరికలు లేవు. అక్కడున్నది ఇంగ్లిష్‌లో సెట్టింగ్స్. తెలుగు మీద అభిమానంతో నేను రాసిన మాట ఆవిడకు దారి మూసేసింది.

ఆ గండం గట్టెక్కించి "అమ్మ"కు వచ్చాం. కాగితంలో "అ, మ, పొల్లు, మ" అని ఉంది.

"పొల్లు ఏ కీలో ఉంది బాబూ?"

కీబోర్డు మీద ఉన్నవన్నీ ఇంగ్లిష్ అక్షరాలే కదా! నా వేళ్లకు తెలుసు గనక కాగితానికీ తెలుసనుకున్నాను. షిఫ్ట్ పట్టుకుని డి కొడితే అ, షిఫ్ట్ వదిలేసి అదే డి కొడితే పొల్లు, సి కొడితే మ అని చెప్పాను. ఆవిడ షిఫ్ట్ మీద వేలు తీయకుండా నాలుగూ కొట్టేశారు. "అణఅణ" అని పడింది. ఇద్దరం నవ్వుకున్నాం. అదే ఇంట్లో ఒంటరిగా ఉండి ఉంటే, ఈ వయసులో నాకెందుకొచ్చిన గొడవ అని కంప్యూటరు కట్టేసేవారు.

ఏం చేయాలో అందరం రాస్తాం. చేశాక ఏం కనిపించాలి, తప్పితే ఏం కనిపిస్తుంది అన్నది ఎగ్గొడతాం. మా అమ్మ ఆవకాయ చెప్పేటప్పుడు "తగినంత నూనె" అనేది కాదు. "మూడో రోజు తిరగేసి చూడు, నూనె పైకి తేలాలి, తేలకపోతే ఇంకాస్త పొయ్యి" అనేది. అచ్చులో చూసే వంటలకు ఆ మూడో రోజే ఉండదు. కొత్త యాప్‌లు వాడటమెలాగో చెప్పే రాతలూ అంతే. రాసినవాళ్లు ఒక్క కొత్త మనిషినైనా పక్కన కూర్చోబెట్టుకుని, నోరు మెదపకుండా చూశారా అని నా అనుమానం. నేనైతే చూడలేదు.

కాగితం తిరగరాశాను. 1991 వెనక పేజీ అడుక్కి పోయింది. "అణఅణ అని పడిందా? షిఫ్ట్ వదల్లేదన్నమాట, చెరిపి మళ్లీ కొట్టండి" అని ఒక వరస కలిసింది. నేను మురిపెంగా రాసుకున్న "ఇది చాలా తేలిక"ను టీచరుగారే ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

క్ష ఎలా కొట్టాలో ఇంకా రాయలేదు. బుధవారం మళ్లీ వస్తానన్నారు. ఆవిడ ఎక్కడ తడబడతారో చూశాక రాస్తాను.